పెళ్లికి బయల్దేరిన దేవుళ్లు

వేంగి చాళుక్యులకు సర్వలోకాశ్రయుడని బిరుదు. పట్టం కట్టుకున్నవాడు విష్ణువర్ధనుడో విజయాదిత్యుడో అయ్యేవాడు. రాజంటే విష్ణ్వంశే అని జనం నమ్మిన రోజులవి. అలాంటి విష్ణువర్ధనుడొకడు కత్తి దెబ్బ తగలకుండానే పెనుగొండ పొలిమేరలో కూలిపోయాడు. అతను రాజరాజనరేంద్రుడి తండ్రి విమలాదిత్యుడే అంటుంది సంప్రదాయం. చరిత్రకారులు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోరు.

పెనుగొండలో ఎవరినడిగినా కథ వాసవి వైపు నుంచే చెబుతారు. చెప్పాలి కూడా. నేను మాత్రం కాసేపు ఆ రాజు వెంట నడుస్తాను.

పరివారంతో ఊళ్లోకొచ్చాడు. పద్దెనిమిది నగరాల వైశ్యులకు పెద్దయిన కుసుమశ్రేష్ఠి ఎదురెళ్లి మర్యాదలు చేశాడు. అక్కడ శ్రేష్ఠి కూతురు వాసవి రాజు కంటపడింది. అప్పటికే అతనికి పెళ్లయింది, కొడుకున్నాడు. అయినా పిల్లనిమ్మని కబురంపాడు. ఇమ్మనడం మాటవరసకే, అడగడం ఎరగని నోరది. శ్రేష్ఠి 714 గోత్రాల వాళ్లనూ పిలిచి సలహా అడిగితే 612 గోత్రాల వాళ్లు ఇచ్చేద్దాం, రాజుతో మనకెందుకు అన్నారు. వాళ్లను తిట్టబుద్ధి కాదు నాకు. బలగమున్నవాడితో పెట్టుకోవద్దని చెప్పే పెద్దమనుషులు ఏ ఊళ్లో లేరు? 102 గోత్రాల వాళ్లు మాత్రం ససేమిరా అన్నారు.

సేన కదిలింది. తన కోసం ఊరు తెగిపోవడం వాసవికి ఇష్టం లేదు. అగ్నిగుండాలు సిద్ధం చేయించింది. ఆమెతో పాటు 102 గోత్రాల దంపతులూ వాటిలోకి నడిచారు. దారి పొడుగునా అపశకునాలు ఎదురైనా రాజు వెనక్కి తిరగలేదంటారు. ఊరి మొగలో వేగులవాళ్లు సంగతి చెప్పారు. వెనక చూస్తే అంత సేన, ముందు చూస్తే తలపడేందుకు ఒక్క మనిషి లేడు. భయపడాల్సినవాళ్లు భయపడటం మానేశాక సర్వలోకాశ్రయుడి చేతిలో ఇక ఏం మిగిలింది? అక్కడికక్కడే కుప్పకూలాడు. తల పగిలి చచ్చాడని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇదే గాథ గురజాడ చేతిలో ‘కన్యక’ అయింది.

ఫ్రాంక్ హెర్బర్ట్ 1981లో రాసిన ‘గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్’ చదువుతుంటే ఈ పొలిమేరే గుర్తొచ్చింది. అందులో లీటో చక్రవర్తి సగం మనిషి, సగం ఇసుకపురుగు. మూడున్నర వేల ఏళ్లుగా లోకాలన్నిటికీ దేవుడు. మధ్యలో ఉపన్యాసాలు మరీ ఎక్కువ, కొన్నిచోట్ల పేజీలు తిప్పేశాను. కానీ చివరి ఘట్టం దగ్గర గుండె పట్టేస్తుంది. ఆయనా పెళ్లికే బయల్దేరాడు. వధువు హ్వీ నోరీ వెంట ఉంది. నది మీద వంతెన దాటుతుండగా తిరుగుబాటుదారు సియోనా పథకం ప్రకారం దాన్ని కూల్చేస్తారు. హ్వీ పడిపోతుంది, ఆమె వెనకే ఆయనా. ఆ ఒంటికి నీళ్లే విషం. పొట్టుపొట్టుగా చర్మం ఊడి నదిలో కలిసిపోతుంటే, ఇన్నాళ్లూ గడగడలాడించిన దేవుడు మళ్లీ మామూలు మనిషి నొప్పి పడతాడు.

లీటో పతనం లీటో కోరుకున్నదే. తన తర్వాత మనుషులు ఏ ఒక్కడికీ దొరక్కుండా విశ్వమంతా చెదిరిపోవాలన్నది ఆయన పన్నాగం. అందుకే ఆయన మీద జాలి కలుగుతుంది. మన రాజుకు అలాంటి ఆలోచన ఏదీ లేదు, ఒట్టి కామం. అయినా చెదరడం ఇక్కడా జరిగింది. మిగిలిన వైశ్యులు ఎటు వ్యాపారానికి వెళితే అటు వాసవిని కన్యకాపరమేశ్వరి అమ్మవారిగా తీసుకెళ్లారు. చెన్నైలో పాత కొత్తవాల్ చావడి కూరగాయల బజారు కన్యకాపరమేశ్వరి దేవస్థానానిదే.

తండ్రి పోయాక రాజరాజనరేంద్రుడు పెనుగొండకు వచ్చి, వాసవి అన్న విరూపాక్షుడితో సంధి చేసుకున్నాడని కథ. ఇక్కడి నుంచి చరిత్ర. 1022 నుంచి 1061 దాకా ఏలిన ఆ రాజు నన్నయను పిలిచి భారతం తెలుగులో చెప్పమన్నాడు. పాండవులు తన వంశంలో ప్రసిద్ధులు గనక వాళ్ల కథంటే ఇష్టమన్నాడట. వంశాభిమానం ఒక్కటే కారణమా అని నా అనుమానం. నిండు సభలో ఒక ఆడదాని మీద చెయ్యి వేసిన రాజకుటుంబం సర్వనాశనమైన కథ కూడా అదే మరి.