నీడ నుంచి ఘనరూపానికి: ఆరోగ్యవరం ఎక్స్‌రే, శస్త్రచికిత్సా అనుకరణ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
రోగి స్కాన్ల ఆధారంగా శస్త్రచికిత్సను ముందుగానే కంప్యూటర్‌లో అనుకరించడం నేటి వైద్యంలో ఒక ముఖ్యమైన పరిణామం. దీని వెనుక ఉన్న ప్రశ్న మాత్రం క్షయ శానటోరియంల కాలం నాటిదని ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలకపదాలు: ఆరోగ్యవరం, క్షయ, ఎక్స్‌రే, సీటీ స్కాన్, అనుకరణ.

1. ఉపోద్ఘాతం
నిమ్మనపల్లె, మదనపల్లె ప్రాంతపు వైద్యచరిత్రలో ఆరోగ్యవరానిది ప్రత్యేక స్థానం. 1910వ దశకంలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి ఇక్కడ క్షయరోగులకు శానటోరియం నెలకొల్పాయి. డెన్మార్క్‌కు చెందిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి సూపరింటెండెంట్.

2. నీడను చదవడం
1895లో రాంట్‌జన్ ఎక్స్‌రేను కనుగొన్నాడు. క్షయకు మందులు లేని ఆ రోజుల్లో విశ్రాంతి, పోషకాహారాలతో పాటు ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసే చికిత్స ఉండేది. ఛాతీ పొరల మధ్యకు గాలి ఎక్కించడం ఒక మార్గం. పక్కటెముకల భాగాలను తొలగించే థొరాకోప్లాస్టీ మరొకటి. పుండు ఏ లోతున ఉంది, ఎన్ని ఎముకలు తీస్తే అది మూసుకుంటుంది అనేవి వైద్యుని ముందున్న ప్రశ్నలు. ఎక్స్‌రే ఫిల్ములో ముందున్నదీ వెనకున్నదీ ఒకే తలంపై పడతాయి. కాబట్టి లోతును వైద్యుడు మనసులోనే నిర్మించుకోవలసి వచ్చేది. ఒక విధంగా అదే తొలి అనుకరణ.

1950-55 మధ్య మదనపల్లె పరిసరాల్లో యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ జరిపిన క్షయ అధ్యయనంలో ఎక్స్‌రే పాత్ర మారింది. ఒక రోగి చికిత్సకు ఉపకరించిన చిత్రం సమాజంలో వ్యాధి వ్యాప్తిని కొలిచే సాధనమైంది.

3. ముక్కల నుంచి ఘనరూపం
1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో తొలిసారి ఒక రోగికి సీటీ స్కాన్ తీశారు. ఇందుకు 1979లో ఆయనకు, కార్మాక్‌కు నోబెల్ బహుమతి లభించింది. శరీరం అడ్డుకోతలుగా కనబడటంతో లోతు సమస్య తీరింది. 1987లో లోరెన్సెన్, క్లైన్ ప్రచురించిన 'మార్చింగ్ క్యూబ్స్' పద్ధతి ఆ కోతల నుంచి ఘనరూపపు ఉపరితలాన్ని గణించింది. అనుకరణలో మొదట అవయవాల హద్దులను వేరుచేస్తారు. తరువాత ఘనరూపం నిర్మిస్తారు. చివరగా కోసినప్పుడు, లాగినప్పుడు కణజాలం ఎలా కదులుతుందో లెక్కిస్తారు.

4. అనుకరణ పరిమితి
మూడవ దశే కఠినమైనది. ఎక్స్‌రే కిరణాలను కణజాలం ఎంత అడ్డుకుంటుందో సీటీ చెబుతుంది. అది ఎంత మెత్తనిదో నేరుగా చెప్పదు. ఛాతీ స్కాన్‌ను సాధారణంగా రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టించి తీస్తారు. ఊపిరితిత్తి శస్త్రచికిత్సలో తరచుగా రోగి పక్కకు తిరిగి ఉంటాడు. శస్త్రచికిత్స చేసే వైపు ఊపిరితిత్తిని తరచుగా గాలి లేకుండా ముడుచుకునేలా చేస్తారు. అంటే స్కాన్‌లో కనిపించిన గడ్డ శస్త్రచికిత్స వేళ అదే చోట ఉండదు.

5. ముగింపు
ఊపిరితిత్తి ముడుచుకున్నప్పుడు లోపలి భాగం ఎక్కడికి జరుగుతుంది? శానటోరియం వైద్యుడు మనసులో వేసుకున్న ఈ ప్రశ్ననే నేటి కంప్యూటర్ అంకెలతో ఎదుర్కొంటోంది. చిత్రం నీడ నుంచి ఘనరూపానికి మారినా, అది శరీరం కాదు; శరీరం గురించిన అంచనా మాత్రమే. ఆ తేడాను మరిస్తే నష్టపోయేది రోగే. అందువల్ల అనుకరణ చరిత్రను యంత్రాల చరిత్రగానే కాక, వైద్యుని వివేచన చరిత్రగా కూడా చదవాలి.