పుష్పసుగంధ పరిణామము

కృష్ణా తుంగభద్రల నడుమ వడ్డేపల్లి, అలంపురము, గద్వాల మొదలగు ఊళ్లతో గూడిన సీమను నడిగడ్డ యందురు. చాళుక్యులు, విజయనగర రాయలు, బీజాపురపు ఆదిల్‌షాహీలు, పిదప నిజాము ఏలుబడికి లోనైన గద్వాల సంస్థానాధీశులు కాలక్రమమున ఈ నేలను పాలించిరి. ఆ ప్రభువుల యభిరుచుల వెంబడి నడచినచో, పూలతావిని మానవుడు సీసాలో నిలుపుకొనిన చరిత్ర చాలవఱకు మన కన్నులకు గట్టును. ఆ చరిత్రయందు రెండు మార్గములు కలవు: పూవులోని వాసనను మఱియొక వస్తువునకు పట్టించుట యొకటి; పూవే లేకుండ, ఇతర ద్రవ్యముల కూర్పుచేత పూవును స్ఫురింపజేయుట రెండవది.

రెండవ మార్గము ఆధునికుల సృష్టి యని పలువురు తలతురు, అది పొరపాటు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక యధ్యాయమునే కేటాయించెను. ఆకుపత్రి, తురుష్కము, కురువేరు, తగరము సమభాగములుగ కలిపి, దానికి చందనము చేర్చిన సంపెంగ తావియు, చెంగల్వకోష్టు చేర్చిన కలువ తావియు గలుగునని అతడు చెప్పెను. ఆ మిశ్రమమున సంపెంగ రేకు ఒక్కటియు లేదు. పదునాఱు ద్రవ్యములను నాలుగేసి చొప్పున, భాగములు మార్చుచు కలుపగా 1,74,720 గంధము లేర్పడునని లెక్క కట్టిన ఆ శాస్త్రకారునకు పరిమళమనగా గణితముతో గూడిన కల్పన.

12వ శతాబ్ది పూర్వార్ధమున కల్యాణి నేలిన చాళుక్యప్రభువు మూడవ సోమేశ్వరుడు, మానసోల్లాసమున రాజభోగములను వర్ణించుచు విలేపనమునకు, మాల్యమునకు, ధూపమునకు వేర్వేఱు స్థానముల నిచ్చెను. ఇతర తెలుగుసీమలను జూచినను, 1244వ సంవత్సరపు మోటుపల్లి శాసనమున కాకతి గణపతిదేవుడు సుంకములు నిర్ణయించిన సరుకులలో చందనము, కర్పూరము, జవ్వాజి, పన్నీరు కానవచ్చును. కొండవీటి కుమారగిరిరెడ్డి కర్పూరవసంతరాయ బిరుదు వహించుటయు, సుగంధద్రవ్యముల వర్తకుడైన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చుటయు ఈ వ్యాపారమునకు గల గౌరవమును తెలుపును.

పూవునుండి నేరుగ తావిని గ్రహించు మొదటి మార్గమున మన పూర్వులకు తోడ్పడినది నువ్వు. పొట్టు తీసిన నువ్వుపప్పును పలుచగ పఱచి, దానిపై మల్లెలు పఱచి, మరల నువ్వులు, మరల పూలు, ఇట్లు పొరలు పొరలుగ నుంచుదురు. వాడిన పూలను జల్లించి తీసివైచి, క్రొత్తపూలు వేయుచుందురు. పప్పునకు తావి నిండుగ పట్టిన పిమ్మట గానుగ నాడింతురు. కోసిన పిదపయు మల్లెమొగ్గ విచ్చుకొని పరిమళించునది గనుకనే ఈ పద్ధతి ఫలించినది.

1443లో విజయనగరమును దర్శించిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, ఆ నగరవాసులకు గులాబీలు అన్నమువలె అత్యవసరములని వ్రాసెను. తరువాత బీజాపురమున రెండవ ఇబ్రహీం ఆదిల్‌షాహి ఆస్థానమున ఇత్ర్-ఎ-నౌరస్‌షాహి యను పారసీక సుగంధగ్రంథము వెలసెను. ఆవిరిపట్టి దింపు అత్తరు విద్య ముస్లిము ప్రభువుల ఆదరమున వ్యాపించెను. తెలుగువారు అనేకులు నివసించు బరంపురము చుట్టుపట్ల, గంజాము తీరమున, మొగలిపొత్తులను నేటికిని ఇట్లే వండుదురు. మగచెట్టు పూవునకే ఆ ఘాటైన తావి. రాగిడేగిసాలో పూలును నీరును పోసి, మూతను మట్టితో మెత్తి, వెదురుగొట్టముద్వారా ఆవిరిని చందనతైల మున్న పాత్రలోనికి పంపుదురు. అందువలన ఆ అత్తరున మొగలితోబాటు చందనముకూడ పలుకును. పాత్రలోని తైలమే పరిమళమునకు సగము స్వభావ మిచ్చును.

19వ శతాబ్దియందు రసాయనశాస్త్రము కృత్రిమద్రవ్యముల నందించుటతో ఫ్రాన్సున కల్పనామార్గము మరల బలపడెను. బజారు సరుకునకు భిన్నముగ, కొలదిమంది రసికులకై కూర్చు నీష్ పెర్ఫ్యూముల శాఖ 1976లో ఝాన్ లపోర్తు స్థాపించిన లార్తిజాన్ పర్ఫ్యూమర్‌తో రూపు దాల్చినది. ఫ్రెదెరిక్ మాల్ సంస్థకై దొమినిక్ రోపియోఁ 2005లో కూర్చిన కార్నల్ ఫ్లవర్ ఇందులకు మంచి యుదాహరణము. దానికి నాయిక మన పెండ్లిదండలలోని నేలసంపెంగ. బజారులో మనము లిల్లీ యనునది ఇదియే; మెక్సికో దీని పుట్టినిల్లు. కేవలము తియ్యదనమును చూపక, ఆ పూవులోనే దాగియున్న పచ్చికాడ వాసనను, కర్పూరపు చలువను, కొబ్బరి కమ్మదనమును అతడు యూకలిప్టసు మున్నగువాని సాయమున పైకి దెచ్చెను. చందనాదుల కూర్పుచేత సంపెంగను స్ఫురింపజేసిన వరాహమిహిరుని మార్గమును ఇట్టిదే.

హైదరాబాదున చార్మినారు చెంత అత్తరు దుకాణములు నేటికిని కలవు. కాని చందనతైలము అపురూపమై వెల పెరిగినందున, పలుచోట్ల పారఫిన్ వంటి చవుక ద్రవములు ఆధారము లగుచున్నవి. ఆధారము మాఱినపుడు పరిమళపు స్వభావమే మాఱును గనుక, ఆ మార్పును కొనువానికి తెలుపుట వర్తకధర్మము. మల్లెను, నేలసంపెంగను పండించి సారము తీసి విదేశములకు పంపుటలో దక్షిణదేశము ఇదివఱకే సమర్థము. అఱువదినాలుగు కళలలో గంధయుక్తిని లెక్కించిన జాతికి ముడిసరుకు నమ్ముటతో తృప్తిపడుట తగదు. పొగడకు, పొన్నకు, మొగలికి మనవైన కూర్పులు కల్పింపగల నేర్పరులు రావలెను. అందులకు రసాయనశాలయందు పాతగ్రంథములను గూడ తెఱచి చదువవలసి యున్నది.