ఏటికొప్పాక బొమ్మకు ప్రాణం అంకుడు కర్ర

ఎస్. రాయవరం అనగానే మనకు గురజాడ అప్పారావు గుర్తొస్తారు. 1862లో మేనమామగారింట ఆయన పుట్టిన ఊరది. ఆయన్ను తలచుకుంటూ వచ్చేవాళ్లలో చాలామంది రాయవరం చూసి వెనుదిరుగుతారు. దగ్గర్లోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. ‘కన్యాశుల్కం’ రోజుల్లో లక్కపిడతలతో ఆడుకునే ఈడు ఆడపిల్లలకు పుస్తెలు కట్టి అత్తారింటికి పంపేవారు. ఆ పిల్లల దుఃఖాన్ని గురజాడ రాశారు. ఆ పిల్లల చేతుల్లోని లక్కపిడతలను చేసినవాళ్ల గురించి రాసినవాళ్లు మాత్రం తక్కువ. మన జమీందారుల వంశవృక్షాలన్నీ పుస్తకాలకెక్కాయి. వసారాలో కూర్చుని కొయ్యకు కొత్త రూపం పోసినవాళ్ల పేర్లు ఎక్కడా నిలవలేదు. చరిత్ర రాసేవాళ్లు తీర్చాల్సిన బాకీ ఇది.

లక్క బొమ్మలు చేసే పని తమ ఊళ్లో నాలుగు వందల ఏళ్లుగా సాగుతోందని ఏటికొప్పాకవాళ్లు చెప్పుకుంటారు. ఇన్నేళ్లలో దీనికి పెద్ద కార్ఖానా అవసరమే పడలేదు. ఇల్లే పనిశాల. తండ్రి ఉలి పట్టడం చూస్తూ కొడుకు నేర్చుకున్నాడు, రంగు లక్క సాగదీస్తున్న తల్లి పక్కన కూర్చుని కూతురు నేర్చుకుంది.

ఇలాంటి ఇంటి పనిశాలలే లోకంలో చాలా వస్తువులకు పుట్టిళ్లు. నార్వేలో టెలీమార్క్ ప్రాంతంలోని మోర్గెదాల్ అనే పల్లెలో సోంద్రే నూర్‌హైమ్ అనే పేదవాడు మంచు మీద జారే స్కీలను తన చేత్తోనే చెక్కుకున్నాడు. పలకను నడుము దగ్గర సన్నగా, రెండు చివరలా వెడల్పుగా మలిచి, కాలి మడమ కదలకుండా కట్లు బిగించడంతో మలుపు తిరగడం తేలికైంది. 1860ల నాటి ఆ నడుము ఒంపు నేటి స్కీలకూ ఆధారం. తర్వాత అల్యూమినియం వచ్చింది, ఫైబర్‌గ్లాస్ వచ్చింది. అయినా ఇవాళ సొంతంగా స్కీలు తయారుచేసుకునేవాళ్లు లోపలి దిమ్మ కోసం మళ్లీ చెక్కనే వెతుక్కుంటారు. ఏ చెట్టు, ఎంత ఆరింది, పోగు ఎటు నడుస్తోంది? వాళ్లు మొదట చూసుకునేవి ఇవే. మంచు ముఖమే చూడని ఏటికొప్పాకలోనూ పని మొదలయ్యేది ఈ ప్రశ్నలతోనే.

ఇక్కడి చెట్టు అంకుడు. పాలకొడిశ అని కూడా అంటారు. కొమ్మ విరిస్తే పాలు కారుతాయి. తెల్లటి పూలు పూస్తుంది, జంటగా వేలాడే సన్నని కాయలు కాస్తుంది. చుట్టుపక్కల కొండల్లో, మెట్ట భూముల్లో పెరుగుతుంది. దీని కర్ర తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది. ఉలికి లొంగుతుంది, పెళుసుగా చిట్లదు, లక్కను గట్టిగా పట్టుకుంటుంది. కర్ణాటకలోని చన్నపట్నం బొమ్మలవాళ్లు కూడా ఈ చెట్టునే నమ్ముకున్నారు. కొండపల్లి బొమ్మలవాళ్లకు పొణికి చెట్టు ఎలాంటిదో ఏటికొప్పాకకు అంకుడు అలాంటిది. కొండపల్లి బొమ్మను చేత్తో చెక్కి, ముక్కలు అతికి, కుంచెతో రంగులేస్తారు. ఏటికొప్పాక బొమ్మ తిరుగుతూ పుడుతుంది, తిరుగుతూనే రంగు పూసుకుంటుంది.

కొట్టి తెచ్చిన కర్రను వెంటనే పనికి పెట్టరు. బెరడు తీసి నీడలో ఆరనివ్వాలి. చెమ్మ ఉన్న కర్రకు లక్క పెడితే తర్వాత కర్ర ఆరి బిగుసుకునేటప్పుడు బొమ్మ పగులుతుంది, లక్క పెచ్చులూడుతుంది. ఆరిన దుంగను ముక్కలు చేసి, కర్రను గిరగిరా తిప్పే తరిణికి బిగిస్తారు. పూర్వం ఒకరు తరిణిని తిప్పే తాడును ముందుకూ వెనక్కూ లాగుతుంటే ఇంకొకరు ఉలి ఆనించేవారు. తాడు ఒకవైపు లాగినప్పుడే ఉలి కోస్తుంది, రెండోవైపు తిరిగేటప్పుడు చేతిని వెనక్కు తీసుకోవాలి. అంటే ఇద్దరి ఊపిరీ ఒక లయలో నడవాలి. కరెంటు మోటార్లు వచ్చాక తాడు లాగే మనిషి అక్కర్లేకుండా పోయాడు, పని వేగం పెరిగింది. చేతి అంచనా మాత్రం మనిషిదే. ఒకే కొలతతో పది భరిణెలు, వాటి పది మూతలు బిగువుగా కూర్చునేలా కంటితోనే తీసేవాళ్లను చూస్తే గౌరవం కలగకుండా ఉండదు.

రంగు వేసే తీరు మరీ గొప్పది. ఇక్కడ కుంచెతో పనిలేదు. లక్కను వేడిచేసి, రంగు కలిపి, పిసికి, కడ్డీలుగా సాగదీస్తారు. గిరగిరా తిరుగుతున్న బొమ్మకు ఆ కడ్డీని ఒత్తిపెడితే రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు అంటుకుంటుంది. వెంటనే మొగలి ఆకు మడిచి అదిమితే ఆ రంగు సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. లక్క అంటే చెట్టు కొమ్మల మీద బతికే చిన్న పురుగు స్రవించే జిగురు. దాన్ని చెట్ల నుంచి సేకరించడం అడవి పల్లెల జీవనోపాధి. ఒక్క లక్కపిడతలో అంకుడు, మొగలి, లక్క పురుగు, మనిషి నేర్పు అన్నీ కలిసి ఉంటాయి.

తరిణి మీద తీసిన ప్రతిదీ గుండ్రంగానే వస్తుంది కాబట్టి బొమ్మకు పదునైన మూలలుండవు. పసివాడు నోట్లో పెట్టుకున్నా గుచ్చుకోదు. అలాంటి బొమ్మకు చెడ్డ రోజులు వచ్చింది రంగుల దగ్గరే. చౌకగా, మెరుస్తూ దొరుకుతున్నాయని బజారు రసాయన రంగులు లక్కలో చేరాయి. పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఉండే ప్రమాదం ఎక్కువ. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మరోపక్క ప్లాస్టిక్ బొమ్మలు సంతల్ని ముంచెత్తాయి. ధరలో వాటితో పోటీపడలేక చాలామంది వేరే పనులు వెతుక్కున్నారు.

ఊరివాడే అయిన సి.వి. రాజు, అంటే చింతలపాటి వెంకటపతి రాజు, ఆ దశలో కళాకారులను కూడగట్టి ఆకులు, గింజలు, వేళ్లు, బెరళ్ల రంగుల వైపు పని మళ్లించారు. పసుపు కొమ్ము నుంచి పసుపు, జాఫ్రా గింజ నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం, కరక్కాయను ఇనుముతో కలిపితే నలుపు. రాసినంత తేలిక కాదు ఆ పని. చెట్ల నుంచి తీసిన రంగును లక్కలో సమంగా కలపాలి, వేడికి అది మాడకూడదు, ఎండకు వెలవకూడదు. బట్టలకు పనికొచ్చిన పద్ధతి ఇక్కడ చెల్లదు. ఏళ్ల తరబడి ఇంటి పొయ్యి మీద, ఇంటి తరిణి మీద చేసి చూసుకున్న పని అది. పరిశోధన ఒక్క ప్రయోగశాలల్లోనే జరుగుతుందనుకునేవాళ్లు ఏటికొప్పాక వెళ్లి చూడాలి.

2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020 ఆగస్టులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ బొమ్మల గురించి చెప్పారు. 2021 జనవరి నుంచి బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తుల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. చిన్న ఇంటి పనిశాలలకు అది పెద్ద ఊరట. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఏటికొప్పాక బొమ్మల శకటం రాష్ట్రాల విభాగంలో మూడో స్థానం తెచ్చుకుంది.

ఇంత పేరు వచ్చినా అసలు కొరత తీరలేదు. కర్ర దొరకడం కష్టమవుతోంది. ఊరికి దగ్గర్లో దొరికిన అంకుడు ఇప్పుడు దూరం నుంచి రావాలి, అడవిలో కొట్టాలంటే అనుమతులు కావాలి. ఆంక్షలు తప్పని నేను అనను, అడవిని కాపాడాల్సిందే. అందుకే చెట్లను అడవి బయట పెంచుకోవాలి. అంకుడు మొండి చెట్టు. మెట్ట నేలలో బతుకుతుంది, కొమ్మలు నరికినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, గింజతో మొలుస్తుంది. చెరువు గట్లు, రోడ్ల పక్కలు, బడి ఆవరణలు, పొలం గట్లు దీనికి చాలు. పచ్చదనం పేరిట ఏటా మొక్కలు నాటించే పంచాయతీలు ఎస్. రాయవరం, ఎలమంచిలి ప్రాంతాల్లో సగం గుంతలకైనా అంకుడును కేటాయించాలి. గట్టున్న రైతు నాలుగు మొక్కలు పెట్టుకోవాలి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్లు ఒక వరుసైనా ఏటికొప్పాక బొమ్మలతో నింపండి. కొనేటప్పుడు ఏ రంగులు వాడారని అడగండి, చెట్ల రంగులన్నవాళ్లకు బేరమాడకుండా డబ్బివ్వండి.