బోర్డు ఎన్నికల నాటి ఓటు

“బోర్డు స్కూలు”, “లోకల్ ఫండ్ ఆసుపత్రి” అనే మాటలు మన కొడవలూరు ప్రాంతపు పెద్దల నోట చాలామంది విన్నవే. ఆ మాటల వెనుక కొంత చరిత్ర ఉంది.

1920 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం కింద నెల్లూరు జిల్లాలో జిల్లా బోర్డు, తాలూకా బోర్డులు పనిచేశాయి. రోడ్లు, బడులు, ఆసుపత్రులు వాటి బాధ్యత. శిస్తుతో పాటు వసూలయ్యే సెస్సు వాటికి ముఖ్య ఆదాయం. ఓటు మాత్రం ఆస్తితో, పన్నుతో ముడిపడి ఉండేది. బోర్డు రోడ్డు మీద కూలివాడూ నడిచాడు; కాని పన్ను కట్టే స్తోమత లేని అతనికి బోర్డు సభ్యుణ్ణి ఎన్నుకునే హక్కు లేదు. మనల్ని ఏలిన ఇంగ్లండులో సైతం స్థానిక కౌన్సిళ్ల ఓటు 1945 వరకు ప్రధానంగా ఇల్లు, స్థలం అనుభవంలో ఉన్నవారిదే.

1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. 1935 జిల్లా బోర్డు ఎన్నికలలో మద్రాసు రాష్ట్రంలో చాలాచోట్ల జస్టిస్ పార్టీ పలుకుబడి సడలి, కాంగ్రెసు గెలిచింది. 1937 శాసనసభ విజయానికి అది నాంది అయింది. స్వాతంత్ర్యం తరువాతనే ఓటుకు ఆస్తి అర్హత తొలగింది. 1959లో జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు వచ్చాయి.

పోలింగు నాడు ఎండకు వెరచి ఇంట్లో కూర్చోబోయే ముందు, ఓటు దక్కని ఆ తాతలను ఒక్కసారి తలచుకుందాం.