పరపతి

మన భాషలో పరపతి అంటే పలుకుబడి; అప్పు పుట్టే యోగ్యత కూడా అదే. అమెరికాలో కళాశాల విద్యార్థుల క్రెడిట్ కార్డు కథ ఈ రెండర్థాల నడుమ నడిచినదే.

1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఫ్రెస్నో నగరవాసులకు అడగకుండానే 60,000 కార్డులు పంపింది. 1970లో ఆ పద్ధతిని చట్టం నిషేధించింది. పిమ్మట కళాశాల ప్రాంగణాలలో చిన్న కానుకలు చూపి కార్డులు అంటగట్టసాగారు. 2009 నాటి చట్టం ఆ ఎరను అడ్డుకొని, 21 ఏండ్లు నిండనివారికి సొంత ఆదాయమో, పెద్దవారి పూచీయో ఉండాలన్నది.

అంతమాత్రాన కార్డు చెడ్డదని కాదు. నెలనెలా బాకీ గడువులోగా పూర్తిగా తీర్చే విద్యార్థి మాట నిలకడ నమోదవుతుంది. రేపు ఇల్లు అద్దెకు అడిగినా, రుణం కోరినా అదే అతని పక్షాన సాక్ష్యం పలుకుతుంది. అక్కడికి చదువుకు వెళ్లే మన పిల్లలకు ఊరి మంచిపేరు వెంట రాదు గదా!

మిత్రులారా, పరపతి పెరిగేది వాడిన అప్పుతో కాదు, తీర్చిన అప్పుతో.