నమాజులో అక్షరశుద్ధి

సిరిసిల్ల ప్రక్కనున్న తంగళ్లపల్లిలో ఒక పెద్దమనిషి తెలుగు లిపిలో అచ్చయిన నమాజు పుస్తకమును నా చేతికిచ్చినారు. వారికి ఉరుదూ చదువు రాదు. ఇది చూచి చదివిన నమాజు చెల్లునా యని వారి ప్రశ్న. ధర్మనిర్ణయము నా పని కాదు. ఈ చిక్కు చరిత్రను మాత్రము మనవి చేయుదును.

మన చెవికి సకారముగా తోచు అక్షరములు అరబ్బీలో మూడు: సీన్, సాద్, సే. తెలుగులో మూడింటికిని ‘స’యే గతి. నాలుక మొదలు కొండనాలుక దాపున తాకగా పుట్టునది ఖాఫ్. దానిని మనము ‘ఖ’ యని వ్రాయుదుము గాని అది మన ఖకారము గాదు. ఖాఫుతో పలికిన ‘ఖల్బ్’ హృదయము. కాఫుతో పలికిన ‘కల్బ్’ కుక్క! దక్కనీ మాటలో ఖాఫు ‘ఖే’గా మారుట హైదరాబాదు వీధులలో అందరును విన్నదే. అంగడిలో అది తప్పు గాదు. నమాజులో మాట వేరు.

ఈ చిక్కు ఇస్లాము అరబ్బు దేశమును దాటిననాడే పుట్టినది. తొలి ఖురాను ప్రతులలో అచ్చుల గుర్తులు లేవు. 7వ శతాబ్దమున బస్రా వాసి అబుల్ అస్వద్ దువలీ చుక్కలతో వానిని సూచించెనని సంప్రదాయము. 8వ శతాబ్దమున ఖలీల్ బిన్ అహ్మద్ ధ్వనులను కంఠము మొదలు పెదవులవరకు వరుసగా నిలిపెను. ఆయన శిష్యుడు సీబవైహి వర్ణములు పుట్టు తావులు 16 అని లెక్కించెను. అరబ్బీ వ్యాకరణమునకు మూలగ్రంథము వ్రాసిన యితడు పారసీకుడు! పరభాషవానికే ధ్వనిభేదము బాగుగా తెలియునేమో. తరువాత ఇబ్నుల్ జజరీ (1350–1429) ఆ తావులు 17 అని చెప్పి, ఈ శాస్త్రమును పద్యములలో కూర్చెను. తజ్వీదు విద్యార్థులు నేటికిని వానిని వల్లించుచున్నారు.

స్వరము తప్పి ‘ఇంద్రశత్రు’ శబ్దము త్వష్ట కెదురుతిరిగిన కథ నెరిగిన మన పెద్దల కిది వింత గాదు.

అయినను ఆ శాస్త్రజ్ఞులు కఠినులు గారు. అర్థమును చెరుపు స్పష్టదోషము వేరు, పండితులకే తెలియు సూక్ష్మదోషము వేరు అని విభజించిరి. 767లో మరణించిన ఇమాము అబూ హనీఫా మొదట పారసీకమున పఠించుటకును అనుమతించి, పిదప ఆ మాటను మరలించుకొనెనని చెప్పుదురు. తడబడుచు కష్టపడి చదువువానికి రెండు ఫలములని ప్రవక్త వచనమున్నది. కాని ఫాతిహా చివరి పదములోని ‘జాద్’ అను ఒక్క యక్షరముపై హిందూదేశమున ఎన్ని వాదములో, ఎన్ని ఫత్వాలో!

చిలుకూరి నారాయణరావుగారు గత శతాబ్దపు తొలి భాగములోనే ఖురానును తెలిగించిరి. అందువలన అర్థము మనకు చేరినది. ధ్వని మాత్రము కాగితమున చేరునది కాదు; నోట పలుకగా చెవిని పడవలెను.

తంగళ్లపల్లి పెద్దమనిషిని పుస్తకము మూసి ఫాతిహా చదువుడంటిని. ‘ముస్తఖీమ్’ అను చోట ఖాఫు నాలుక మొదటినుండియే చక్కగా పలికినది. ఎచట నేర్చితిరని అడిగితిని. చిన్ననాడు తాతగారి ప్రక్కన నిలిచి విన్నారట. ‘సిరాత్’లోని సాదు మాత్రము ఉత్త సకారమే. అప్పటికి తాతగారికి పండ్లు లేవట.