కుండలో బియ్యం, పురిలో ధాన్యం

నెత్తురిచ్చే ముందు వేలి కొస పొడిచి, వచ్చిన నెత్తుటి బొట్టును నీలం నీళ్లలో వదులుతారు. ఆ నీలం మైలుతుత్తానిది. సున్నంతో కలిపి తెగుళ్లకు కొట్టే ఆ మందు దివిసీమలోని కోడూరు రైతుకు కొత్తేమీ కాదు. పదిహేను సెకన్లలో బొట్టు అడుక్కి దిగితే హిమోగ్లోబిన్ డెసిలీటరుకు కనీసం 12.5 గ్రాములు ఉన్నట్టు లెక్క, బల్ల మీద పడుకోవచ్చు. తేలితే ఇంటికే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఫిలిప్స్, వాన్ స్లైక్ బృందం రూపొందించిన పద్ధతి ఇది. ఇప్పుడు చాలాచోట్ల చిన్న మీటర్లు వచ్చాయి. అడిగే ప్రశ్న మాత్రం పాతదే: హిమోగ్లోబిన్ చాలినంత ఉందా?

ఆ ప్రశ్నలోనే లోటుంది. దివిసీమ మాటల్లో చెప్పాలంటే హిమోగ్లోబిన్ కుండలో బియ్యం, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పురిలో ధాన్యం. పురి అడుగంటుతున్నా కుండ కొన్నాళ్లు నిండుగానే కనిపిస్తుంది.

350 మిల్లీలీటర్లు ఇచ్చినా సుమారు 150 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. తిండి నుంచి రోజుకు ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే, అందులోనూ ఒకటి మామూలు నష్టాలకే సరి. ఇక మళ్లీ నెత్తురిచ్చేలోపు మూడు నెలల్లో ఆ అప్పు తీరేదెలా?

నెత్తుట్లో ఫెరిటిన్‌ను కొలిచే పరీక్ష 1972లో కార్డిఫ్‌లో వచ్చింది. ఉప్పెన దివిసీమను ముంచిన 1977లోనే అమెరికాలో క్లెమెంట్ ఫించ్ బృందం దాతల పురి తెరిచి చూసింది. ఎన్నిసార్లు ఇస్తే నిల్వ అంత తగ్గుతోందని, ఆడవాళ్లకు మొదటి నుంచే నిల్వ తక్కువని తేలింది.

అప్పట్లో మన దేశపు బాధ వేరు. నెత్తురమ్ముకుని బతికేవాళ్లుండేవారు. వాళ్లలో రిక్షా కార్మికులు, నిరుద్యోగులు ఉన్నారనీ, వాళ్ల హిమోగ్లోబిన్ ఉండాల్సిన దానికంటే తక్కువనీ 1996 జనవరి 4న సుప్రీంకోర్టు తీర్పు ప్రస్తావించింది. 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకం ఆగింది. అదే ఏడాది అక్టోబరు 2న హైదరాబాద్‌లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ మొదలైంది. అభిమాన హీరో పుట్టినరోజుకు నెత్తురివ్వడం కుర్రాళ్లకు గొప్ప అయింది. నిజంగా గొప్పే. అయితే డబ్బు పోయి అభిమానం వచ్చినంత మాత్రాన ఇనుము లెక్క మారదు కదా!

నిబంధనలు రోజులు లెక్కపెట్టాయి: మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 120. ఫెరిటిన్ చూడమని మాత్రం అనలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. శిబిరానికి వచ్చి వెనుదిరిగే ఆడవాళ్లు ఎక్కువన్న మాటకు కారణం వెతకనక్కర్లేదు.

2015లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, నెత్తురిచ్చాక ఇనుము మాత్రలు వేసుకోని వారిలో మూడింట రెండొంతుల మందికి 168 రోజులైనా నిల్వ కోలుకోలేదు. రోజుకు 37.5 మిల్లీగ్రాములు తీసుకున్నవారు చాలా ముందే తేరుకున్నారు.

మన శిబిరంలో దాత చేతికొచ్చేది సర్టిఫికెట్, పండ్లరసం, బిస్కెట్లు. కొన్నిచోట్ల వేడి టీ కూడా. తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వని వాటిలో టీ ఒకటి.